బల్బు తప్పేం లేదు సారూ

ప్రశ్న: అన్నా, నేను నర్సంపేట దగ్గర ఒక పల్లెలో టీచర్ని. నా దగ్గర 2006 మోడల్ మారుతి 800 ఉంది. అమ్మానాన్న హనుమకొండలో ఉంటారు. శనివారం వెళ్లి ఆదివారం రాత్రికి తిరిగి వస్తుంటాను. ఆరు నెలలుగా హెడ్‌లైట్లతో టెన్షన్ పడుతున్నా. ఎడమ లైటు ఒక్కోసారి నిప్పు కణికలా ఎర్రగా, మసకగా వెలుగుతుంది. డిప్పర్‌లో (కిందికి పడే వెలుగు) ఉన్నా అంతే, అప్పర్ (దూరం పడే వెలుగు) వేసినా అంతే. మూడుసార్లు బల్బు మార్పించాను. మార్చాక వారం పది రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది. ఇంకో వింత ఏమిటంటే, అలా మసకబారినప్పుడు నేను డిప్పర్‌లోనే ఉన్నా మీటర్ బోర్డులో అప్పర్‌కు వెలిగే నీలం లైటు సన్నగా కనిపిస్తుంది. ఈ మధ్య గతుకుల్లో రెండు లైట్లూ క్షణంపాటు ఆరిపోయి మళ్లీ వస్తున్నాయి. ఒక మెకానిక్ 100/90 వాట్ల పెద్ద బల్బులు వేసుకోమన్నాడు. ఇంకొకాయన ఎల్ఈడీ అన్నాడు. మూడో ఆయన వైరింగ్ మొత్తం పీకేయాలన్నాడు. ఇంట్లో వాళ్లేమో బండే అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: సారూ, బండి అమ్మేంత జబ్బు కాదిది. మీరు వింత అని రాసిన ఆ నీలం లైటే అసలు సంగతి చెప్పేసింది. ఆ ముక్క మీరు ముగ్గురు మెకానిక్‌లకూ చెప్పి ఉండరు. చెప్పినా వాళ్లు చెవిన పెట్టి ఉండరు.

మీ బండిలో ఉండేది హెచ్4 బల్బు. ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లుంటాయి. 55 వాట్లది డిప్పర్, 60 వాట్లది అప్పర్. బల్బు వెనుక మూడు పిన్నులు ఉంటాయి. ఒకటి డిప్పర్‌ది, ఒకటి అప్పర్‌ది, మూడోది రెండింటికీ ఉమ్మడి. చాలా బండ్లలో ఈ ఉమ్మడి పిన్ను బాడీ ఎర్త్‌కు, అంటే బ్యాటరీ నెగెటివ్‌కు కలిసి ఉండే కారు ఇనుప బాడీకి పోతుంది. ఆ దారి తెగిందనుకోండి. డిప్పర్ ఫిలమెంట్లోకి వచ్చిన కరెంటుకు బయటపడే తోవ లేదు. అది పక్కనున్న అప్పర్ ఫిలమెంట్లోకి దూరి, అప్పర్ వైరు పట్టుకొని ఎదురు నడిచి, కుడివైపు లైటులోని అప్పర్ ఫిలమెంట్ గుండా ఎర్త్ చేరుతుంది. ఒక్క ఫిలమెంటుకు అందాల్సిన 12 వోల్టులను మూడు పంచుకుంటాయి. తలా నాలుగు వోల్టులు అనుకోండి. నాలుగు వోల్టులకు ఆ ఫిలమెంటు తెల్లగా ఎందుకు వెలుగుతుంది? నిప్పు కణికలాగే ఉంటుంది. నీలం లైటు కూడా ఆ అప్పర్ వైరు మీదే ఉంటుంది కాబట్టి దానికీ ఆ నాలుగు వోల్టులు తగిలి సన్నగా మిణుకుమంటుంది. అప్పర్ వేసినప్పుడు ఇదే కథ తిరగబడి నడుస్తుంది. అందుకే మీకు రెండింటిలోనూ మసకే.

నమ్మకం కుదరకపోతే పాత బల్బు ఒకటి తీసుకొని చూడండి. బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి, ప్లస్ వైరులో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, బల్బు మూడు పిన్నుల్లో రెండేసి చొప్పున మార్చి మార్చి ముట్టించండి. రెండు జతలకు ఒక్కో ఫిలమెంటు తెల్లగా భగ్గుమంటుంది. మూడో జతకు రెండు ఫిలమెంట్లూ కలిసి మసకగా, ఎర్రగా వెలుగుతాయి. ఉమ్మడి పిన్నును వదిలేసిన జత అది. మీ ఎడమ లైటు చేస్తున్నది దాదాపు ఇదే. బల్బు గాజును మాత్రం వేళ్లతో ముట్టుకోకండి. హాలోజన్ గాజుకు చేతి జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి తొందరగా పోతుంది. వెలిగించాక కాసేపు పట్టుకోకండి కూడా, చెయ్యి కాలుతుంది.

మరి బల్బు మార్చినప్పుడల్లా పది రోజులు ఎందుకు బాగుంటోంది? బల్బు మార్చాలంటే వెనుకనున్న కప్లర్, అంటే బల్బు పిన్నులకు తొడిగే వైర్ల సాకెట్, పీకి మళ్లీ గుచ్చాలి. ఆ రాపిడికి పిన్ను మీద పట్టిన పచ్చ చిలుము కాస్త గీరుకుపోయి కాంటాక్టు దొరుకుతుంది. లైటు భేషుగ్గా వెలుగుతుంది. పేరు కొత్త బల్బుకు వస్తుంది, మీ జేబు ఖాళీ అవుతుంది. పది రోజుల తేమకు, వేడికి మళ్లీ చిలుము కమ్ముతుంది. తీసేసిన ఆ మూడు బల్బులు మీ డిక్కీలోనే ఉంటే పారేయకండి. నా లెక్క ప్రకారం కనీసం రెండు బాగానే ఉండాలి.

ఇక పని. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి, ఎడమ కప్లర్‌ను బల్బు నుంచి లాగి, ఎండలోకి తిప్పి పట్టుకొని లోపలికి చూడండి. నేను చూసిన కప్లర్లలో సగానికి పైగా ఒకే తీరు. తెల్లగానో నల్లగానో ఉండాల్సిన ప్లాస్టిక్ ఒక రంధ్రం చుట్టూ మాత్రం మాడిన రొట్టె రంగులో ఉంటుంది. గోటితో నొక్కితే పెళుసుగా రాలుతుంది. లోపలి ఇత్తడి రేకు మెరుపు పోయి, దవడ వదులైన పట్టకారులా తెరుచుకొని ఉంటుంది. వైరు తొడుగు కొంచెం వెనక్కి జరిపితే రాగి పోగులు నల్లబడి కనిపిస్తాయి. అలా ఉంటే సాండ్‌పేపర్ రుద్ది లాభం లేదు, కప్లర్ మార్చాల్సిందే. మార్చేటప్పుడు పింగాణీ హోల్డర్ అడగండి, వేడికి కరగదు. నల్లబడిన రాగి ఎంతవరకు ఉందో అంతవరకు కత్తిరించి, మెరిసే రాగి దొరికాక కొత్త పిన్ను బిగించాలి.

కప్లర్ బాగుంటే ఎర్త్ వైరు వెంట పోండి. హెడ్‌లైట్ దగ్గర్లోనే బాడీకి ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. బోల్టు విప్పి, వైరు రింగునూ అది కూర్చునే రేకునూ సాండ్‌పేపర్‌తో తెల్లటి ఇనుము కనబడేదాకా రుద్దండి. పెయింటు మీద బిగిస్తే ఎంత గట్టిగా బిగించినా ఎర్త్ రాదు. పళ్ల వాషర్ వేసి బిగించి, ఆ తర్వాత పైన వ్యాసెలిన్ పూయండి. ముందు పూసి తర్వాత బిగించే వాళ్లున్నారు, అది తలకిందులు పని. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపు నేరుగా హెడ్‌లైట్ల వెనక్కి కొట్టకుండా చూసుకోండి. చిలుము సగం అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని జపాన్ డిజైన్ బండ్లలో తలకిందుల పద్ధతి ఉంటుంది. ఉమ్మడి పిన్నుకు ఫ్యూజు గుండా ప్లస్ కరెంటు ఎప్పుడూ వచ్చి నిలబడి ఉంటుంది, స్విచ్ ఎర్త్ వైపు కలుపుతుంది. మీ బండి ఏ రకమో ఊహించకండి, చూడండి. తీసిన బ్యాటరీ టెర్మినల్ మళ్లీ పెట్టి, తాళం ఆన్ చేసి, లైట్ల స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి, టెస్ట్ ల్యాంప్ (ఒక వైపు క్లిప్పు, ఒక వైపు మొన ఉండే చిన్న బల్బు) క్లిప్పు బాడీకి పెట్టి, రెండు వైపుల కప్లర్లూ ఊడదీసి, ఒక్కోదాని మూడు రంధ్రాల్లోనూ మొన తగిలించండి. రెండు కప్లర్లలో దేనిలోనూ వెలగకపోతే ఉమ్మడి పిన్ను ఎర్త్‌దే, పైన చెప్పిన పని చేయండి. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఒకదానిలో వెలిగితే అది రెండో రకం బండి. ఎడమ వైపే వెలగక, కుడి కప్లర్‌లో వెలిగినా బండి రెండో రకమే. అప్పుడు ఎర్త్ బోల్టు జోలికి పోకుండా ఎడమ హెడ్‌లైట్ ఫ్యూజునూ, అది కూర్చునే గూటినీ చూడండి. ఫ్యూజు తీగ తెగకపోయినా దాని కాళ్లు మాడి ఉంటే కాంటాక్టు ఉండదు. రెండు రకాల్లోనూ బయటికి కనిపించే లక్షణం ఒక్కటే, నీలం లైటుతో సహా. చాలామంది మెకానిక్‌లు బోల్తా పడేది ఇక్కడే.

గతుకుల్లో రెండూ కలిసి ఆరడం వేరే జబ్బు. రెండు లైట్లకూ ఒకేసారి కరెంటు పోవాలంటే రెండింటికీ కలిసిన చోటే లోపం ఉండాలి. ఆ క్షణంలో వెనుక లైట్లు, మీటర్ బోర్డు కూడా ఆరుతున్నాయా? ఆరితే ముందు బ్యాటరీ టెర్మినళ్లు చేత్తో తిప్పి చూడండి. కదిలితే చాలు, దొంగ దొరికినట్టే. హెడ్‌లైట్లు మాత్రమే ఆరి మిగతావి వెలుగుతుంటే స్టీరింగ్ కింది డిప్పర్ స్విచ్ మీద, ఫ్యూజు బాక్సు మీద అనుమానం. చీకటి పడ్డాక ఇంటి ముందు బండి నిలబెట్టి, లైట్లు వేసి, పిల్లాడెవరినైనా ముందు నిలబెట్టి, మీరు స్విచ్ కాడను మెల్లగా అటూ ఇటూ కదపండి. తర్వాత ఫ్యూజు బాక్సును స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. దేనికి లైటు మిణుకుమందో పిల్లాడు అరిచి చెబుతాడు.

ఇలా ఎక్కడో వదులైన అతుకు ఎంత ప్రమాదమో నాకు బాగా తెలుసు. 2004 మేడారం జాతరకు ఇంటిల్లిపాదినీ జీపులో ఎక్కించుకొని పోతున్నా. పస్రా దాటి అడవి దారి పట్టాక రెండు లైట్లూ ఒక్కసారిగా పోయాయి. వెనుక కూర్చున్న మా చిన్నమ్మ తల్లిని తలుచుకుంటోంది, నేను చేతిలో బెల్లం బుట్ట పెట్టుకొని దిగి బానెట్ ఎత్తాను. తీరా చూస్తే వారం కిందట నేనే మెలితిప్పి టేపు చుట్టిన వైరు. ఎండకు టేపు జిగురు కారిపోయి అతుకు ఊడింది. ఊళ్లో వాళ్ల బండ్లకు సోల్డర్ చేసి ఇస్తూ నా బండికి మాత్రం టేపుతో సరిపెట్టాను. ముందు పోతున్న ట్రాక్టరు వెనుక లైటును చూసుకుంటూ పోయాం. ఆ రాత్రి నుంచి మెలితిప్పుడు జాయింటు కనబడితే నా చెయ్యి ఊరుకోదు.

ఇక మీరు వోల్టులు కొలిచే మీటరు కొన్నా, ఎవరి దగ్గరైనా తెచ్చుకున్నా, ఒక పొరపాటు మాత్రం చేయకండి. బల్బు ఊడదీసి కప్లర్‌లో మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. 'కరెంటు మంచిగనే వస్తాంది సార్, బల్బే కరాబు' అంటారు. అది మోసం. వైరులో ముప్పై పోగులకు ఒక్క పోగు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటరుకు కావాల్సిన కరెంటు చుక్కంత కూడా కాదు. బల్బుకు మాత్రం నాలుగైదు ఆంపియర్లు కావాలి. పాకాల చెరువు నిండు కుండలా ఉన్నా చివరి మడికి నీళ్లందవు చూడండి, అదే లెక్క. తూము దగ్గర నిలబడి నీళ్లున్నాయంటే చివరి రైతు ఒప్పుకుంటాడా? మడిలోకి ఎంత పారుతోందో చూడాలి. కాబట్టి కప్లర్ పెట్టి, బల్బు వెలుగుతుండగానే, కప్లర్ వెనుక నుంచి వైర్ల పక్కగా సన్నటి మొనలు దూర్చి ఉమ్మడి పిన్నుకూ వెలుగుతున్న ఫిలమెంటు పిన్నుకూ మధ్య ఎంత ఉందో చూడండి. అదే సమయంలో బ్యాటరీ దగ్గర ఎంత ఉందో చూడండి. తేడా అర వోల్టు లోపు ఉంటే వైరింగ్ బంగారం. ఒక వోల్టు దాటితే దారిలో ఎక్కడో గండి పడింది.

ఒకటి రెండు వోల్టులే కదా అనుకోవద్దు. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. పదో వంతు వోల్టేజీ తగ్గితే వెలుగు 30 శాతం దాకా పోతుంది. 13.2 వోల్టులు అందాల్సిన చోట 11 అందితే దాదాపు సగమే మిగులుతుంది. పోయిన ఆ కరెంటు ఎటు పోలేదు, ఆ చెడ్డ అతుకు దగ్గర వేడిగా మారింది. రెండు వోల్టులు, నాలుగున్నర ఆంపియర్లు, అంటే తొమ్మిది వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను కప్లర్‌లో గుచ్చి వదిలేసినట్టు. ప్లాస్టిక్ మాడిన రొట్టె రంగుకు తిరిగేది అందుకే.

ఇది అర్థమైతే 100/90 బల్బుల సలహా ఎందుకు వద్దంటానో మీకే తెలుస్తుంది. 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది, రెండింటికి 10. 100 వాట్లవి రెండు కలిసి 16 ఆంపియర్లు దాటుతాయి. 10 ఆంపియర్లకే అలసిపోయిన 2006 నాటి వైరు, ఆ డిప్పర్ స్విచ్ 16 ఎక్కడ మోస్తాయి? ముందు ఫ్యూజు పోతుంది. అప్పుడు ఎవరో ఒకరు పెద్ద ఫ్యూజు వేస్తారు, లేదంటే సిగరెట్ డబ్బా రేకు మడిచి పెడతారు. ఆ తర్వాత కాలేది వైరే. రిఫ్లెక్టర్ మీది వెండి పూత కూడా ఆ వేడికి నల్లబడుతుంది, ఇక అందులో ఏ బల్బు వేసినా వెలుగు రాదు.

ఎల్ఈడీ సంగతి కొంచెం వేరు. కరెంటు తక్కువ లాగుతుంది, చూడ్డానికి తెల్లగా ఉంటుంది. మీ రిఫ్లెక్టర్‌ను తయారుచేసింది హాలోజన్ ఫిలమెంటు ఎక్కడుంటుందో కొలిచి. ఎల్ఈడీలో వెలుగు పుట్టే చోటు, ఆకారం వేరు కాబట్టి వెలుగు రోడ్డు మీద కాకుండా ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మీ నర్సంపేట రోడ్డులో ఎదురుగా వచ్చే బైకు వాళ్ల మీద కొంచెం దయ ఉంచండి. పైగా కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. మీది 15 ఏళ్లు దాటిన బండి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు పోయినప్పుడు లైట్ల దగ్గర మాట పడడం ఎందుకు?

వైరింగ్ మొత్తం మార్చాలన్నాయన మీద నాకు కోపం లేదు కానీ, చెయ్యి నొప్పికి భుజం తీసేస్తానన్నట్టుంది. ఎలుకలు కొరికిన బండి అయితే తప్ప ఆ అవసరం రాదు. వడ్ల బస్తాల పక్కన కారు పెట్టే ఇళ్లలో ఎలుకల బెడద ఉంటుంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే బానెట్ ఎత్తి వైర్ల కట్ట పొడవునా ఒకసారి కన్నేయండి.

నన్నడిగితే ఖర్చు పెట్టాల్సింది రిలేల మీద, అంటే చిటికెడు కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌ల మీద. ఇప్పుడు మీ హెడ్‌లైట్ల కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు బాక్సు, స్టీరింగ్ స్విచ్ అంతా తిరిగి ముందుకొస్తుంటే, దారి పొడవునా కొంత కొంత నష్టపోతుంది. బ్యాటరీ పక్కనే రెండు రిలేలు పెట్టి, బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు గుండా లావు వైరు, 2.5 చదరపు మిల్లీమీటర్లది, రిలే మీది 30 నంబర్ పిన్నుకు ఇస్తే, 87 నంబర్ పిన్ను నుంచి నేరుగా బల్బుకు పోతుంది. పాత వైరు 85, 86 పిన్నుల మీద రిలేను ఆడించే పని మాత్రమే చేస్తుంది, చిటికెడు కరెంటు చాలు దానికి. స్విచ్ ఆయుష్షు కూడా పెరుగుతుంది. ఆటో స్పేర్స్ షాపుల్లో పింగాణీ హోల్డర్లతో సహా తయారుగా సెట్ దొరుకుతుంది. అయితే ఆ సెట్లు మామూలుగా ఎర్త్ ఉమ్మడిగా ఉన్న బండ్లకు చేసినవి. మీది రెండో రకం అని తేలితే ఆ మాట ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, ఈ ఒక్క విషయంలో ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

రిలేలు పడ్డాక వెలుగు పెరుగుతుంది, కాబట్టి ఎత్తు సరిచూసుకోవాలి. మీ స్కూలు కాంపౌండు గోడ ఉంది కదా. సమతలం మీద గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలబెట్టి, లైట్ల మధ్యభాగం ఎత్తుకు గోడ మీద చాక్‌పీసుతో గీత గీయండి. డిప్పర్ వెలుగు పై అంచు ఆ గీతకు రెండంగుళాలు కింద పడాలి. చాక్‌పీసు కొనే పని మీకు లేదు.

రిలేలు, గోడ తర్వాతి సంగతి. ముందు నాకు నాలుగు అంకెలు రాసి పంపండి. ఇంజిన్ ఆఫ్‌లో, లైట్లు ఆఫ్‌లో బ్యాటరీ వోల్టేజీ. ఇంజిన్ నడుస్తూ, కొంచెం యాక్సిలరేటర్ తొక్కి, డిప్పర్ వేసి బ్యాటరీ వోల్టేజీ. అదే స్థితిలో ఎడమ బల్బు దగ్గర, కుడి బల్బు దగ్గర. మొదటిది 12.6 దగ్గర, రెండోది 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. రెండోది 13 కూడా దాటకపోతే డైనమో బెల్టు దగ్గర మొదలుపెట్టాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, అప్పుడు మాత్రం మీ బల్బులు నిజంగానే కాలిపోతున్నాయని ఒప్పుకుంటాను. స్విచ్ ఆఫ్‌లో టెస్ట్ ల్యాంప్ వెలిగిందో లేదో కూడా రాయండి. ఈ ఆదివారం మాత్రం హనుమకొండ నుంచి నాలుగింటికే బయలుదేరండి, అమ్మ అన్నం తిని పొమ్మన్నా సరే.